నాలాలో పడిన పోగు ఎక్కడ తేలుతుంది?

కూకట్‌పల్లిలోనో మల్కాజిగిరిలోనో ఒక అపార్ట్‌మెంట్. ఆదివారం పొద్దున వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. లోపల పిల్లల స్కూల్ యూనిఫాంలు, రెండు నైటీలు, ఒక ట్రాక్ ప్యాంటు, ఉన్నిది అనుకుని కొన్న అక్రిలిక్ స్వెటర్. కాసేపటికి పైపులోంచి బూడిదరంగు సబ్బు నీళ్ళు భళ్ళున మోరీలోకి దూకుతాయి. ఆ నీళ్ళను ఒక తెల్ల గుడ్డలో వడగట్టి ఆరబెడితే గుడ్డ మీద సన్నటి నూగు మిగులుతుంది. కొంత నీలం, కొంత ఎరుపు, ఎక్కువ భాగం ఏ రంగో చెప్పలేనిది. వేలితో రాస్తే ఉండ కడుతుంది. అందులో నూలు పోగులు కొన్ని. మిగిలింది ప్లాస్టిక్. గుడ్డకు చిక్కకుండా జారిపోయింది ఇంకెంతో.

దీన్ని బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో లెక్కపెట్టి చూశారు. ఆరు కిలోల బట్టలు ఒక్కసారి ఉతికితే పాలిస్టర్-కాటన్ మిక్స్ నుంచి సుమారు 1.38 లక్షలు, పాలిస్టర్ నుంచి దాదాపు 5 లక్షలు, అక్రిలిక్ నుంచి 7 లక్షలకు పైగా పోగులు ఊడి నీళ్ళలో కలుస్తాయని వాళ్ళ అంచనా. మైక్రోప్లాస్టిక్స్ అనే మాటను 2004లో వ్యాప్తిలోకి తెచ్చిన రిచర్డ్ థాంప్సన్ కూడా ఆ బృందంలో ఉన్నారు. అయిదు మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలన్నిటికీ ఇప్పుడు ఆ పేరే వాడుతున్నారు. అంటే మినప్పప్పు గింజంత ముక్క నుంచి కంటికి ఆనని నలుసు దాకా అన్నీ అందులోకే వస్తాయి. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవైతే నానోప్లాస్టిక్స్. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఎంత చిన్న వస్తువు గురించి మాట్లాడుతున్నామో తెలుస్తుంది.

నూలు పోగు నీళ్ళలో పడితే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, కొన్నాళ్ళకు మట్టిలో కలిసిపోతుంది. పాలిస్టర్ పోగును అలా తినేసి మాయం చేసే జీవులు మన నాలాల్లో ఉన్నట్టు తెలియదు. అది విరుగుతుంది, చిన్నదవుతుంది, అంతే. ప్లాస్టిక్ మాయమైందని మనం అనుకునేది చాలాసార్లు ముక్క మన చూపుకు అందని సైజుకు దిగిన రోజునే.

ఆ విరగడం ఎలా జరుగుతుందో చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు. మిద్దె తోట ఉన్న ఏ ఇంటి డాబా మీదికి వెళ్ళినా గ్రీన్ నెట్ కనిపిస్తుంది. కొన్న ఏడాది అది చేత్తో లాగినా తెగదు. కొన్ని ఎండాకాలాలు గడిచాక అదే నెట్‌ను గుప్పిట్లో పట్టి నలిపితే ఆకుపచ్చ పొడి రాలుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్ అణువుల పొడవాటి గొలుసులను తెంపేస్తాయి. నీళ్ళ ట్యాంకు మీద కప్పిన నీలం టార్పాలిన్, నాలా గట్టున చెట్టుకు చిక్కుకున్న కవర్, వినాయకుడి మంటపం నుంచి మిగిలిన థర్మకోల్, ఏదైనా ఇదే దారి. హైదరాబాద్ ఎండ ఈ పనిని బాగా చేస్తుంది. తర్వాత వాన వచ్చి ఆ పొడిని కిందికి దింపుతుంది.

టైర్ల సంగతి అయితే ఇంకా కనిపించదు. టైరు అరిగిపోతుందని అందరికీ తెలుసు, ఆ అరిగినది ఎక్కడికి వెళ్ళిందని ఎవరూ అడగరు. ఇప్పటి టైర్లలో రబ్బరు చెట్టు పాలతో పాటు పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ రబ్బరు కూడా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా అది నల్లటి పొడిగా రోడ్డుకు అంటుకుంటుంది. తొలకరి వాన మొదటి పది నిమిషాల్లో ఫ్లైఓవర్ పైపుల నుంచి కారే నల్లనీళ్ళలో దుమ్ముతో పాటు ఇదీ ఉంటుంది.

నల్లా, నాలా

హైదరాబాద్ తెలుగులో ఈ రెండు మాటలకూ తేడా ఒక దీర్ఘం, ఒక ఒత్తు. నల్లా అంటే మంచినీళ్ళ కుళాయి, నాలా అంటే మురుగు పారే కాలువ. ఊరికి నల్లా నీళ్ళు దూరం నుంచి వస్తాయి: మంజీరా, సింగూరు, నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. వాడేశాక అవన్నీ చివరికి పోయేది ఒకే వైపు, మూసీకి. వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది మీద 1908 సెప్టెంబర్ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి గేట్లు మూసి ఉన్న నెలల్లో నగరం మధ్య మూసీలో పారేది దాదాపుగా నగరం వదిలిన నీరే. నది తెచ్చే మంచినీళ్ళు వచ్చి మురుగును పలచన చేసే అవకాశం ఆ నెలల్లో ఉండదు. మైక్రోప్లాస్టిక్స్ విషయంలో మూసీని వేరే నదులతో పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

మధ్యలో మురుగుశుద్ధి కేంద్రాలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ (రోజుకు 33.9 కోట్ల లీటర్లు), నాగోలులో 172 ఎంఎల్‌డీ సామర్థ్యంతో పెద్దవే ఉన్నాయి. 2021లో ఇంకో 31 కేంద్రాలకు అనుమతి ఇచ్చారు. ఇవి అవసరం, ఎంత త్వరగా పూర్తిస్థాయిలో నడిస్తే అంత మంచిది. అయితే ఇవి తీసేది ఏమిటో, వదిలేది ఏమిటో తెలుసుకోవాలి.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో దగ్గర ఒక కేంద్రంలో చేసిన లెక్క 2016లో వచ్చింది. రోజుకు సుమారు 26 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి చేసే ఆ కేంద్రం లోపలికి వచ్చిన మైక్రోప్లాస్టిక్స్‌లో 98 శాతానికి పైగా ఆపేసింది. ఎవరైనా మెచ్చుకోవాల్సిన పని. అయినా బయటికి వదిలిన నీటిలో నాలుగు లీటర్లకు ఒక ముక్క చొప్పున మిగిలింది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. దాన్ని మొత్తం నీటికి హెచ్చవేస్తే రోజుకు ఆరున్నర కోట్ల ముక్కలు. అంబర్‌పేట కేంద్రం సరిగ్గా అంత గొప్పగా పనిచేసి, పూర్తి సామర్థ్యంతో నడుస్తుందనుకున్నా అదే లెక్కన రోజుకు ఎనిమిదిన్నర కోట్లు అవుతాయి. ఇది ఊహ కోసం వేసిన గుణకారం మాత్రమే, కొలిచిన అంకె కాదు. శాతం ఎంత బాగున్నా నీటి పరిమాణం పెద్దదైనప్పుడు మిగిలేది చిన్నది కాదని చెప్పడానికి ఈ లెక్క. పైగా గ్లాస్గోలో లెక్కకు వచ్చినవి జల్లెడకు చిక్కినంత పెద్దవే. శుద్ధి కేంద్రం దాకా రాకుండా నేరుగా నాలాల్లోంచి నదిలో పడే మురుగుకు ఈ 98 శాతం కూడా వర్తించదు.

ఇక ఆపిన ఆ 98 శాతం ఎక్కడికి పోయింది? బురదలోకి. నీటిలోంచి తీసిన ప్లాస్టిక్ అంతా ట్యాంకు అడుగున బురదతో కలిసి కూర్చుంటుంది. ఆ బురదను ఆరబెట్టి ఎరువుగా చల్లితే అది పొలానికి చేరుతుంది. నత్రజని, భాస్వరం ఉన్న ఎరువును పారేయమని రైతుకు చెప్పడం తేలిక కాదు, చెప్పడం న్యాయమూ కాదు. కానీ ఆ బస్తాలో ఇంకేం ఉందో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళ మీద ఉంది.

తేలేది, మునిగేది

నదిలో ప్లాస్టిక్ అంటే అందరి కళ్ళకూ మొదట కనిపించేది పైన తేలే సీసాలు, కవర్లు. క్యారీ బ్యాగుల పాలిథిన్, సీసా మూతల పాలిప్రొపిలీన్ నీటి కంటే తేలిక, అందుకే తేలుతాయి. నీళ్ళ సీసాలకూ పాలిస్టర్ బట్టలకూ వాడే పెట్ (PET) అనే ప్లాస్టిక్, పైపుల పీవీసీ, నైలాన్ నీటి కంటే బరువు. ఇవి మునుగుతాయి. తేలేవి కూడా ఎంతో కాలం తేలవు, వాటి మీద నాచు, బ్యాక్టీరియా పొరగా పేరుకుని బరువెక్కి అడుగుకు దిగుతాయి. కాబట్టి హుస్సేన్‌సాగర్‌లో పైన చెత్త ఏరే పడవలు ఎంత తిరిగినా అసలు నిల్వ అడుగు బురదలోనే ఉంటుంది. 1560ల్లో కట్టిన ఆ చెరువు అడుగున పేరుకున్న పొరల్లో ప్లాస్టిక్ యుగం ఎక్కడ మొదలైందో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తవ్వి చూపిస్తారు.

ఆ బురద కదలకుండా ఉండదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ చుట్టూ నదుల అడుగున వరదకు ముందు, తర్వాత కొలిచి చూసిన పరిశోధన 2018లో వచ్చింది. నది అడుగున నిల్వ ఉన్న మైక్రోప్లాస్టిక్స్‌లో దాదాపు 70 శాతాన్ని వరద ఊడ్చుకుపోయిందని తేలింది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో హైదరాబాద్‌ను ముంచిన వాన గుర్తున్నవాళ్ళు ఆ రాత్రి మూసీ ఏం మోసుకుపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు. వరద తగ్గాక ఇళ్ళలో మిగిలిన ఒండ్రును జనం పారలతో ఎత్తి పోశారు. నది పక్క పొలాల్లో పడిన ఒండ్రు అక్కడే ఉండిపోయింది.

నగరం దాటాక మూసీకి అడ్డంగా కత్వలు ఉన్నాయి. కత్వ అంటే నీళ్ళను మళ్ళించడానికి కట్టిన చిన్న అడ్డుకట్ట. కొన్ని తరతరాల నాటివి. వాటి నుంచి కాలువలు చెరువులకూ, వరి మడులకూ వెళతాయి. ఒకప్పుడు వానాకాలం మీద ఆధారపడ్డ ఈ ఊళ్ళు ఇప్పుడు ఏడాది పొడవునా నీళ్ళు చూస్తున్నాయి, ఎందుకంటే నగరం ఏడాది పొడవునా స్నానం చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది. నగర శివార్లలో పశువుల కోసం పెంచే పచ్చగడ్డికీ ఇవే నీళ్ళు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు మళ్ళీ నగరానికే వస్తాయి.

కత్వ ఎదురుగా నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన చోట బరువైనది దిగుతుంది. అంటే పాలిస్టర్ పోగు ఆగి కూర్చోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. మిగిలినది కాలువ వెంట మడిలోకి వెళుతుంది. వరి మడిలో నీళ్ళు వారాల తరబడి నిలబడి ఉంటాయి. కొంత ఆవిరవుతుంది, కొంత పైరు తాగుతుంది, కొంత కిందికి ఇంకుతుంది. ఆ ఇంకిన నీరే పక్కనున్న బావిలో ఊరుతుంది.

ఇక్కడే నది వేరు, భూగర్భజలం వేరు అన్న ఆలోచన తప్పుతుంది. పటం మీద మూసీ ఒక నీలం గీత, బోరు ఒక చుక్క. నేల కింద రెండూ ఒకే నీరు.

బండలో పగుళ్ళు

మట్టి మంచి వడపోత. ఇసుక, మొరం పొరల్లోంచి దిగే నీటిలో పెద్ద ముక్కలు పైనే చిక్కుకుంటాయి. మడిలో ఆగిన ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం పై జానెడు మట్టిలోనే ఉంటుందనుకోవడంలో తప్పులేదు. కానీ నేల అంతా ఒకే రకంగా వడగట్టదు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది, వానపాములు బొరియలు చేస్తాయి, కుళ్ళిన వేళ్ళు సన్నటి గొట్టాలను వదిలిపోతాయి. తడవడం, ఆరడం ఒకదాని తర్వాత ఒకటి జరిగే కొద్దీ నలుసులు ఇంకా లోతుకు దిగుతాయని ప్రయోగశాలల్లో చూశారు.

ఆ కింద హైదరాబాద్‌ది ప్రత్యేకమైన కథ. నగరం గ్రానైట్ బండ మీద కూర్చుని ఉంది. పైన చెల్క నేల, దాని కింద శిథిలమైన మొరం, ఆ కింద పగుళ్ళున్న బండ, ఇంకా దిగితే గట్టి రాయి. ఇసుక నేలల్లో నీరు కోట్ల రంధ్రాల్లోంచి వడగట్టుకుంటూ నెమ్మదిగా నడుస్తుంది. బండలో నీరు ఉండేదీ నడిచేదీ పగుళ్ళలోనే. బోరు వేసేటప్పుడు గ్యాప్ తగిలింది అని డ్రిల్లింగ్ వాళ్ళు అనేది ఆ పగులు గురించే. గ్యాప్ తగిలితే నీళ్ళు, లేకపోతే దుమ్ము. ఆ పగులు నీటికి ఎంత సులువైన దారో, మైక్రాన్ల సైజు నలుసుకూ అంతే సులువు.

అమెరికాలోని ఇల్లినాయ్‌లో సున్నపురాయి నేలల బావులు, ఊటల నుంచి తీసిన 17 నమూనాల్లో 16 చోట్ల మైక్రోప్లాస్టిక్స్ దొరికాయని 2019లో ప్రచురించారు. అత్యధికంగా లీటరుకు 15 ముక్కలు. సున్నపురాయిలో నీరు కరిగించిన పెద్ద సొరంగాలుంటాయి, గ్రానైట్‌లో అంత పెద్దవి ఉండవు, కాబట్టి ఆ అంకెలను తెచ్చి ఇక్కడ అతికించకూడదు. భూగర్భజలం దానంతటదే శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం మాత్రం అక్కడ పోయింది.

మనం చేతులారా తెరిచిన అడ్డదారి ఒకటుంది. ఇంకుడు గుంత సరిగ్గా తవ్వితే పెద్ద కంకర, చిన్న కంకర, పైన ఇసుక వేస్తారు. నీరు వాటిగుండా దిగి, మొరంలోంచి మెల్లగా ఇంకుతుంది. ఇది మంచి పని, చేయాల్సిన పని. కానీ చాలా అపార్ట్‌మెంట్లలో స్థలం లేదనో, తొందరగా నీళ్ళు దిగాలనో డాబా మీది పైపును తెచ్చి ఎండిపోయిన పాత బోరులోకి నేరుగా పెట్టేస్తారు. ఆ డాబా మీదే గ్రీన్ నెట్ పొడి రాలుతోంది. పక్క ఫ్లైఓవర్ టైర్ల దుమ్ము వచ్చి పడుతోంది, దండెం మీద ఆరేసిన బట్టల నూగు ఎగిరి పడుతోంది. మట్టి అనే వడపోతను పూర్తిగా దాటవేసి ఇదంతా వందల అడుగుల లోతున పగుళ్ళలోకి దిగుతుంది. ఒకసారి అక్కడికి చేరినదాన్ని బయటికి తీసే పద్ధతి ఏదీ లేదు. మొదటి వానను బయటికి వదిలేసే ఒక వాల్వు, బోరు కంటే ముందు ఒక ఇసుక గుంత ఉంటే దీన్ని చాలావరకు ఆపవచ్చు. ఖర్చు ఎక్కువేమీ కాదు, ఇసుక మార్చే ఓపిక మాత్రం కావాలి.

గ్లాసులోకి వచ్చాక

ఆరోగ్యం గురించి భయపెట్టే మాటలు చాలా ప్రచారంలో ఉన్నాయి, వాటిలో తొందరపాటు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తాగునీటి మైక్రోప్లాస్టిక్స్ మీద ఇచ్చిన నివేదిక అప్పటికున్న ఆధారాల ప్రకారం పెద్ద ప్రమాదం కనిపించడం లేదని, అయితే ఆధారాలే చాలా తక్కువగా ఉన్నాయని, పరిశోధన పెరగాలని చెప్పింది. ఆ తర్వాత చిత్రం కొంత మారింది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొరను ఆపరేషన్‌లో తీసిన 257 మందిని దాదాపు మూడేళ్ళు గమనించారు. 150 మంది కొవ్వు పొరలో పాలిథిన్ దొరికింది. ప్లాస్టిక్ ఉన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లేదా మరణం ముప్పు లేనివాళ్ళతో పోలిస్తే సుమారు నాలుగున్నర రెట్లు కనిపించింది. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఇది నిరూపించదు, ఆ వైద్యులూ అలా అనలేదు. కానీ పట్టించుకోకుండా వదిలేసే అంకె మాత్రం కాదిది.

సీసా నీళ్ళు కొనుక్కుంటే సరిపోతుందా అంటే, అమెరికాలో అమ్మే సీసా నీటిలో లీటరుకు సగటున 2.4 లక్షల నలుసులు లెక్కపెట్టిన పరిశోధన కూడా 2024లోనే వచ్చింది. అందులో 90 శాతం నానో సైజువి. మన వీధుల్లో తిరిగే 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి. ఎన్నోసార్లు కడిగి, ఆటోలో ఒకదానికొకటి రాసుకుని, కిరాణా షాపు ముందు ఎండలో నిలబడి దాని ఒళ్ళంతా గీతలు పడి మసకబారి ఉంటుంది. అది ఒకప్పుడు అద్దంలా ఉండేది. ఆర్వో ఫిల్టర్ మైక్రోప్లాస్టిక్స్‌ను బాగానే ఆపుతుంది, ఆపినదాన్ని వృథా నీటి పైపులోంచి మళ్ళీ మోరీకే పంపుతుంది.

ఊరటనిచ్చే సంగతి ఒకటి బోరు నీళ్ళలోనే ఉంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే సున్నం పొర హైదరాబాద్ ఇళ్ళలో అందరికీ తెలిసిందే. చైనా పరిశోధకులు 2024లో చూపించింది ఏమిటంటే, కఠినత, అంటే కరిగిన సున్నం లాంటివి, ఎక్కువున్న నీటిని అయిదు నిమిషాలు మరిగిస్తే ఆ సున్నం గడ్డకడుతూ ప్లాస్టిక్ నలుసులను తనలో బంధిస్తుంది. చల్లారాక వడగడితే లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత ఉన్న నీటిలో 90 శాతం దాకా తగ్గాయి. మెత్తటి నీటిలో అయితే సుమారు 25 శాతమే. మనం విసుక్కునే ఆ తెల్ల పొర ఇక్కడ పనికొస్తోంది. అయితే మరిగించడం వల్ల ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నీరు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడతాయి. కాబట్టి ఏ బోరు నీళ్ళయినా తాగే ముందు పరీక్ష చేయించాల్సిందే.

ఆ పరీక్ష చేయించినా రిపోర్టులో ప్లాస్టిక్ గురించి ఒక్క ముక్క ఉండదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో మైక్రోప్లాస్టిక్స్‌కు పరిమితి లేదు. శుద్ధి కేంద్రాల పనితీరును చూసేది బీఓడీ, సీఓడీ (నీటిలోని మురికి విరగడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతలు), తేలే ఘనపదార్థాలు, మల కోలిఫాం బ్యాక్టీరియా లాంటివాటితో. నీరు తేటగా కనిపించి, బీఓడీ తగ్గితే కేంద్రం పాసైనట్టే. యూరోపియన్ యూనియన్ తాగునీటిలో మైక్రోప్లాస్టిక్స్‌ను ఎలా కొలవాలో 2024లో ఒక ఉమ్మడి పద్ధతిని ఖరారు చేసింది. పరిమితి ఎంత పెట్టాలన్న చర్చ తర్వాతి సంగతి, ముందు అందరూ ఒకేలా కొలిస్తేనే అంకెలు ఒకదానితో ఒకటి మాట్లాడతాయి.

కొలవడం కష్టమే, అసాధ్యం కాదు. నీటిని సన్నటి జల్లెడల్లో పోసి, మిగిలిన చెత్తలోని నాచునూ ఆకులనూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కరిగిస్తారు. చిక్కటి ఉప్పునీటిలో వేస్తే ఇసుక కిందికి పోయి తేలికైన ప్లాస్టిక్ పైకి వస్తుంది, బరువైన రకాలకు ఇంకా చిక్కటి ద్రావణం కావాలి. దాన్ని ఫిల్టర్ మీదికి ఎత్తి, ఏ ముక్క ఏ ప్లాస్టిక్కో పరారుణ కాంతితో గుర్తిస్తారు. ఆ పని చేసేవాళ్ళు నూలు కోటు వేసుకోవాలి, లేకపోతే తమ చొక్కా పోగునే మూసీ పోగుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. రాళ్ళలో నీటి నడకను దశాబ్దాలుగా చదువుతున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉప్పల్‌లోనే ఉంది, అంటే మూసీకి కూతవేటు దూరంలో.

ఈ నీరు హైదరాబాద్‌తో ఆగదు. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల, ఆ కింద ప్రకాశం బ్యారేజీ. కూకట్‌పల్లి నాలాలో పడిన పోగుకు విజయవాడ నల్లా దాకా తెరిచిన దారి ఉంది. అందుకే కొలత మొదలుపెట్టాల్సింది దారి పొడవునా: అనంతగిరి కింద నది ఇంకా శుభ్రంగా ఉన్న చోట, అంబర్‌పేట కేంద్రం నీరు వదిలే చోట, ఒక కత్వ ఎదురుగా ఉన్న బురదలో, ఆ కత్వ కింద మడి పక్క బావిలో, వాడపల్లి సంగమం దగ్గర. తొలకరి మొదటి పెద్ద వానకు ముందు ఒకసారి, ఆ వాన వెలిసిన మర్నాడు ఇంకోసారి, అవే చోట్ల, అవే జల్లెడలతో.